ఒక్క వచనం పైకి స్క్రోల్ చేయండి

డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాగ్దానం కార్డు తీసుకున్నారా? అందులో యిర్మీయా 29:11 వస్తే పండగే! దేవుడు మన మేలు కోరుతున్నాడని, ముందుకి మంచి రోజులున్నాయని చెప్పే మాట కదా. వెంటనే వాట్సాప్ స్టేటస్ పెట్టేస్తాం. ఆ తర్వాత ఏడాదంతా ఒకటే ప్రార్థన: “ప్రభువా, జాబ్ ఇవ్వు, వీసా ఇవ్వు, త్వరగా ఇవ్వు.”

అడగడం తప్పు కాదు. కానీ మా ఐటీ వాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. లాగ్‌లో ఒక్క లైన్ చూసి బగ్ తేల్చేయకూడదు, పైనా కిందా చదవాలి. బైబిల్ యాప్‌లో ఒక్క వచనం పైకి స్క్రోల్ చేయండి. పదో వచనంలో ఒక అంకె కనిపిస్తుంది: 70 ఏళ్లు!

అది యిర్మీయా రాసిన ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా తీసుకెళ్లిన యూదులకు రాశాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త చెప్పినట్టు అంతకు ముందు అధ్యాయంలోనే ఉంది. జనం వినాలనుకున్న మాట అదే. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అన్నాడు. ఏడో వచనంలో ఇంకా కష్టమైన మాట చెప్పాడు. మిమ్మల్ని చెరపట్టి తెచ్చిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయమన్నాడు.

అంటే మీ జాబ్‌కి 70 ఏళ్లు పడుతుందని కాదు. ఆ లెక్క వాళ్లది. కానీ అధ్యాయమంతా చదివాక మన ప్రార్థన పాత లిస్టు దగ్గరే ఆగదు. “నన్ను ఇక్కడి నుంచి బయటపడేయి” అనే నోటితోనే “నేనున్న ఈ ఊరిని, ఈ పీజీని, నాకు నచ్చని ఆ మేనేజర్‌ని దీవించు” అని కూడా వస్తుంది. మన కోరిక పక్కనే దేవుడి కోరిక చేరుతుంది. వాక్యం ప్రార్థనను నడిపించడమంటే ఇదే.

మరి మొదలెట్టడం ఎలా? 1535లో మార్టిన్ లూథర్‌ను ఆయన బార్బర్ పీటర్ ఇలాంటి ప్రశ్నే అడిగాడు. లూథర్ ఏకంగా ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. ఒక వాక్యభాగం తీసుకుని నాలుగు విషయాలు చూడమన్నాడు. ఇది నాకేం నేర్పుతోంది? దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఏం ఒప్పుకోవాలి? ఏం అడగాలి? కబుర్లలో పడి కత్తి మీద ధ్యాస తప్పితే బార్బర్ ఎదుటివాడి ముక్కు కోసేస్తాడు, ప్రార్థనలోనూ అంతే శ్రద్ధ ఉండాలని కూడా హెచ్చరించాడు. ఇప్పుడైతే నోటిఫికేషన్లు ఆపమనేవాడేమో!

కృతజ్ఞత చెప్పే మనసే లేదా? అప్పుడు 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. ఎంతకాలమని దేవుణ్ణే నిలదీస్తూ మొదలై, పాటతో ముగుస్తుంది. అంత దూరం కూడా రాలేకపోతే 88వ కీర్తన ఉంది. అది చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనకు కూడా బైబిల్లో చోటుంది. లేని సంతోషం నటించక్కర్లేదు.

ఈ రాత్రి కార్డు పక్కన పెట్టి యిర్మీయా 29లో 4 నుంచి 14 వరకు చదవండి. రెండు నిమిషాలు చాలు. పన్నెండో వచనం ప్రార్థన గురించే. అక్కడ ఆగి, మీ మాటల్లో మొదలుపెట్టండి.