వానలు చెరచిన ఏట బోర్డో ఎర్ర వైను

మాచర్ల చుట్టుపట్ల పల్లెలలో సంక్రాంతి దాటినది మొదలు మిరపకాయలు కళ్లాలకు చేరును. పండుకాయలు నేలపై పరచియుండగా ఒక్క రాత్రి అకాలవర్షము కురిసిన చాలును. ఎరుపు వన్నె తగ్గును. కాయలోపల బూజు పుట్టును. తెల్లబారిన తాలుకాయలను ఏరివేయుటకు మరల కూలి ఖర్చు. గుంటూరు యార్డులో తాలుకు పలుకు ధర వేరు. ఏడాది శ్రమ పదిదినముల వాతావరణముపై ఆధారపడుట పల్నాటి రైతుకు క్రొత్త సంగతి కాదు.

ఫ్రాన్సు దేశపు నైరుతి మూలనున్న బోర్డో ప్రాంతమున ద్రాక్షతోటల వారి అవస్థయు ఇట్టిదే. అయితే వారి పంట వైనుగా మారి సీసాలలోనికి పోవును. సీసాపై పంట పండిన సంవత్సరమును ముద్రింతురు. చెడ్డ ఏడు అంకెతో సహా లోకమునకు తెలిసిపోవును. వైను మద్యమే, దాని సేవనమట్లుంచి, దాని వెనుకనున్న రసాయనశాస్త్రము మాత్రము తెలిసికొనదగినది.

మాచర్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16½ డిగ్రీల అక్షాంశముపై నున్నది. సమీపమున రెంటచింతల వేసవి ఎండలకు ప్రసిద్ధి. ఇచ్చట సూర్యరశ్మికి కొరత లేదు. బోర్డో సుమారు 45 డిగ్రీలపై, అట్లాంటిక్ సముద్రపు తేమగాలుల దారిలో నున్నది. హైదరాబాదు పరిసరములలో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తీగ చలికాలమున నిద్రింపదు. రైతు కత్తిరింపులతోనే దాని కాపును నడిపింపవలెను. బోర్డో తీగ చలికి ఆకురాల్చి నిద్రించి, వసంతమున చిగిర్చి, జూన్ నెలలో పూచి, ఆగస్టులో రంగు తిరిగి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోతకు వచ్చును. ఏడాదికి ఒక్కటే కాపు.

2013వ సంవత్సరము అచ్చటి వారికి మరపురానిది. వసంతమున చలి, వాన విడువలేదు. పూత సమయమున చల్లని వర్షములు పడి పిందె నిలువక రాలిపోయెను. ఆగస్టు మొదటి దినములలో కొన్ని తోటలపై వడగండ్లు పడెను. కోత సమీపించు వేళకు తడి, వెచ్చదనము కలిసి బూజును పెంచెను. 1991లో ఏప్రిల్ మంచు చిగుళ్లను మాడ్చిన తరువాత అప్పటివరకు అంత తక్కువ పంట బోర్డోలో వచ్చియుండలేదు.

ఇట్టి ఏట పండులో లోపించునదేమి? మొదటిది చక్కెర. ఈస్టు కణములు చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర పులిసిన ఒక శాతము ఆల్కహాలు ఏర్పడును. 12 శాతము కావలెనన్న 204 గ్రాములు ఉండవలెను. 180 గ్రాములే యున్న 10½ శాతము మించదు. రెండవది ఆమ్లము. ఎండ వేడికి కాయ తనలోని మాలిక్ ఆమ్లమును శ్వాసక్రియలో ఖర్చుచేయును. చల్లని ఏట అది మిగిలిపోయి వైను పుల్లబారును.

మూడవదానితో మాచర్లకును చుట్టరికము కలదు. 1969లో అమెరికాలో కొందరు రసాయనశాస్త్రజ్ఞులు బుంగమిరపకాయ వాసనకు కారణమైన పదార్థమును కనుగొనిరి. ఇది మిథాక్సీపైరజీన్ కుటుంబమునకు చెందినది. కారమునకు దీనితో సంబంధము లేదు. కారమునిచ్చు కాప్సైసిన్ వేరు. ఈ పదార్థమును ఒక్క గ్రాము తీసి 50 కోట్ల లీటర్ల నీటిలో, అనగా ఒక ఊరిచెరువు నీటిలో, కలిపినను మనుష్యుని ముక్కు పసికట్టగలదు. 1975లో ఇదే పదార్థము బోర్డోవారి ముఖ్యమైన కాబర్నే సోవిన్యో ద్రాక్షలోను బయటపడినది. కాయ పండినకొలది, గుత్తిపై వెలుతురు పడినకొలది ఇది తగ్గిపోవును. మబ్బుల ఏట తగ్గదు. ఆ వైనును వాసన చూచిన పచ్చి మిరపకాయను త్రుంచినట్లుండును.

కనుక రైతుకు చిక్కు వచ్చిపడును. పచ్చివాసన పోవువరకు ఆగుదమన్న బూజు పట్టును. బొట్రైటిస్ అను ఈ బూజు లాకేజ్ అను ఎంజైమును విడుచును. అది ఎర్రని రంగును గోధుమవన్నెకు దింపును. గంధక డయాక్సైడుకు కూడ అది సులభముగ లొంగదు. బూజుకు వెరచి ముందే కోసిన పచ్చిదనము మిగులును. ఈ రెంటి నడుమ సరియైన దినమును ఎన్నుకొనుటలోనే పనివాడి నేర్పంతయు తెలియును. ముందుగా పండు మెర్లో రకమును కాబర్నేతో కలుపుట బోర్డోవారి పాత రక్షణ. కాని 2013లో పూత రాలుట మెర్లోకే ఎక్కువగా తగిలెను. ఆ ఆసరాయు సన్నగిల్లినది.

కోత అయిన పిదప ఏరివేత. మిరపకళ్లములో తాలు తీసినట్లే, బల్లలపై పండును పరచి చెడినవానిని తీసివేయుదురు. చక్కెర చాలనిచో చట్టము అనుమతించిన మేరకు రసములో కలుపుదురు. నెపోలియన్ వద్ద మంత్రిగా పనిచేసిన రసాయనశాస్త్రజ్ఞుడు షాప్తాల్ 1801లో ప్రచురించిన గ్రంథము వలన ఈ పద్ధతికి ఆయన పేరు వచ్చినది. మాలిక్ ఆమ్లమును బాక్టీరియాలచే మృదువైన లాక్టిక్ ఆమ్లముగా మార్పింతురు. దీనిని యాదృచ్ఛికమునకు విడువక అదుపులో నుంచుటను బోర్డోలో వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు ఎమీల్ పెయ్నో (1912-2004). తొక్కలను, గింజలను ఎక్కువగా పిండరు. పండని గింజలలోని టానిన్లు చేదు.

చక్కెర కలిపిన ఆల్కహాలు పెరుగును గాని, కాయలో పుట్టని పరిమళము పుట్టదు. దీనిని గ్రహించినవారు ఆ ఏట పలుచని, కొంచెము పుల్లని, 12 శాతము పైచిలుకు ఆల్కహాలుగల వైనును చేసి ఊరకుందురు. దీనినే పాతకాలపు బోర్డో తీరు అందురు. కొందరు దానిని లోపమందురు గాని, ఏడు ఎట్లున్నదో అట్లు చెప్పు వైనునకే విలువ ఎక్కువ అనవలెను. భూమి వేడెక్కుచున్నందున ఇటీవలి దశాబ్దములలో ద్రాక్ష ముందుగా, తీయగా పండుచున్నది. 14 శాతము ఆల్కహాలు ఇప్పుడు అరుదు కాదు. ఆ పచ్చివాసనయు బోర్డోలో తగ్గిపోవుచున్నది. మాచర్ల బజారులో సాయంత్రము బజ్జీలకై మిరపకాయలు చీల్చువారి వ్రేళ్లకు మాత్రము అది దినదినము అంటుచునే యున్నది.