ఉమ్మడిగోడ యిల్లు

లండను నగరమునకు ఈశాన్యమున వాల్తమ్‌స్టో అను పేట యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యము వఱకు అది ఎసెక్సు మండలములోని పల్లె. నగరపు వర్తకులలో సంపన్నులు తోటలు వేసికొని విశ్రాంతిగా నివసించుచుండిన తావు. 1870లో రైలుమార్గము వచ్చి, 1883లో పార్లమెంటు చేసిన చౌక రైళ్ల చట్టము మూలమున పనివాండ్రు తెల్లవారుజామున స్వల్పవ్యయముతో నగరములోనికి బోవుటకు వీలు కలిగిన పిమ్మట, ముప్పది నలువది సంవత్సరములలో ఆ తోటలు వీధులై, వీధులన్నియు ఒకదాని ప్రక్క నొకటి గోడ కలిపి కట్టిన మేడయిండ్లతో నిండిపోయెను. గుమాస్తాలకును చేతిపనివాండ్రకును అద్దెకిచ్చుటకై నాడు కట్టిన యీ యిండ్లనే నేడు వైద్యులును సాఫ్ట్‌వేరు ఉద్యోగులును ముప్పది యేండ్ల బ్యాంకు ఋణము తలకెత్తుకొని కొనుచున్నారు. తూర్పు లండనులో ఇట్టి యిండ్లు కొనువారిలో మనవారును కలరు కనుక, అట్టి యిల్లు కొనుట యన నేమో యిచ్చటనున్న వారి తల్లిదండ్రులకును, వాట్సాపులో ఫొటోలు చూచి మురియు బంధువులకును కొంత తెలిసియుండుట మంచిది.

మన అగ్రహారములను చూచినవారికి ఈ యింటి స్వరూపము పూర్తిగా క్రొత్తది కాదు. వీధివైపు వెడల్పు కొంచెము, లోనికి పొడవు మిక్కిలి. ముందు గది, దాని వెనుక నింకొక గది, ఆ వెనుక సన్నగా సాగిన వంటయిల్లు, చివఱ పెరడు. 1875 నాటి ప్రజారోగ్య చట్టమును, దాని ననుసరించి వెలసిన నిబంధనలును గాలి వెలుతురులకై వీధి యింత వెడల్పుండవలెననియు, ఇంటి వెనుక ఖాళీ యింత విడువవలెననియు శాసించుటచేతనే, వీధులకు వీధులే యొక అచ్చున బోసినట్లు కానవచ్చును. అరుగు మాత్రము లేదు. కూర్చుండి పొరుగువారితో ముచ్చటించుటకు తావు లేకున్నను, వారి ముచ్చటలు వినకతప్పదు: గోడలకు చెవులుండుననుట యచ్చట అక్షరాల నిజము. ఆ గోడలో సగము మీది, సగము పొరుగువారిది. దానిని తొలిచి దూలము దూర్పవలెనన్న, 1996 నాటి ఉమ్మడిగోడ చట్టము ప్రకారము రెండు నెలలు ముందుగా పొరుగువారికి లిఖితపూర్వకముగా తెలుపవలయును.

ఇల్లు చూడబోయినప్పుడు కొనువారి కన్నులు సామాన్యముగా పాతకాలపు పొయ్యిచట్రము మీదను, పైకప్పు అంచున నున్న లతల అచ్చుమీదను, క్రొత్తగా నమర్చిన వంటగది మీదను నిలుచును. నా సలహా యడిగినచో, ముందు గదిలో వీధివైపునకు పొడుచుకొని వచ్చిన కిటికీ క్రింద వంగి గోడను చూడుడని చెప్పుదును. తక్కిన గోడకంతటికి పాతరంగు ఉండి, నేలనుండి మోకాలి యెత్తువఱకు మాత్రమే తాజారంగు పూసియున్నచో అచ్చట చెమ్మ యుండవచ్చును. ఆ గోడలు తొమ్మిది అంగుళముల మందమున నడుమ ఖాళీ లేకుండ కట్టినవి. మన గానుగసున్నము వంటి సున్నపు గచ్చుతో ఇటుకలు పేర్చినవి. వాన కురిసినప్పుడు గోడ కొంత తడిని పీల్చుకొని, ఎండ కాసినప్పుడు ఆ సున్నపు సందుల గుండ విడిచిపెట్టును. తరువాతి కాలపు యజమానులు ఆ సందులను సిమెంటుతో పూడ్చుటచే తడి పోవు దారి మూసికొని, ఇటుక మొగము పెచ్చులూడుటయు, లోపలి గార ఉప్పు పొంగుటయు సంభవించినవి. గోడ అడుగున కొయ్యనేలకు గాలి యాడుటకై రంధ్రములు గల ఇటుకలు పెట్టియుందురు. ముంగిట ఎత్తుగా రాళ్లు పఱచినవారు వానిని కప్పివైచిన, నేలక్రింది దూలములు చీకిపోవును. చెమ్మ కనబడగానే గోడకు మందెక్కింపవలెనని సలహా యిచ్చువాడు తఱచు ఆ మందు నమ్ముకొనువాడే యగును. ముందు మూసిన రంధ్రము తెఱచి, కారు తూములు బాగుచేసి, ఒక ఏడాది వేచిచూచుట మేలు. పాతకట్టడములను కొత్తవానివలె చేయబోయి చెఱుపుటకు వ్యతిరేకముగా 1877లో సంఘమును స్థాపించిన విలియం మారిస్ 1834లో పుట్టినది ఈ వాల్తమ్‌స్టోలోనే; సున్నపు గోడకు సున్నమే వాడుడని ఆ సంఘము నేటికిని బోధించుచున్నది.

గోడ క్రింద నేల యున్నది. లండను బంకమన్ను వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. 1976 నాటి అనావృష్టిలో ఎన్నియో యిండ్లు పగుళ్లు వాఱగా భీమా సంస్థలు కుంగుబాటు పరిహారములతో సతమతమైనవి. లోతులేని పునాదుల మీద వీధివైపునకు ముందుకు కట్టిన కిటికీ భాగము ముందుగా క్రుంగుట సామాన్యము; కావున దాని మీది వాలుపగుళ్లను, దగ్గఱనున్న పెద్దచెట్లను గమనింపవలెను. ఇక క్రిందిగదిలో స్థలము కలిసివచ్చునని పొయ్యిగోడను తీసివైచి, పైయంతస్తులోని దాని భాగమును ఆధారము లేకుండ వ్రేలాడ విడిచిన మహానుభావులును కలరు. ఇట్టివి అమ్మకపు పత్రములలో నుండవు.

పేట మాఱుచున్నదను మాటకు వత్తును. నగరములోని పనివారి యిండ్లను మధ్యతరగతివారు కొని, బాగుచేసికొని, తుదకు పేట స్వభావమునే మార్చివేయుటకు 1964లో రూత్ గ్లాస్ అను సమాజశాస్త్రవేత్త పేరు పెట్టినది లండనును చూచియే. వాల్తమ్‌స్టోకు 1968లో భూగర్భ రైలు వచ్చినది. 2008లో కుక్కపందెముల మైదానము మూతపడి ఆ స్థలము నివాసగృహములైనది. మారిస్ నివసించిన యింటిలోని ప్రదర్శనశాల 2012లో క్రొత్త మెఱుగులతో తెఱవబడినది. ఐరోపాలోకెల్ల పొడవైనదని స్థానికులు చెప్పుకొను వీధిసంత మాత్రము ఇంకను సాగుచున్నది. “ఈ పేట పైకి వచ్చుచున్నది” అని దళారి చెప్పునప్పుడు ఆ రాబోవు వైభవపు వెల యిప్పటి ధరలోనే చేరియుండునని మఱువరాదు. ఆ వైభవమునకు తట్టుకొనలేక అద్దెయింటివారు దూరపుపేటలకు తరలుచుందురు. సంతలో కూరగాయలు కొనువారు తగ్గినకొలది కూరగాయల బండ్లును తగ్గును. కావున రేపు రాబోవు కాఫీకొట్టును తలంచుకొనక, నేడున్న వీధిలో బ్రతుకగలమా యని చూచి కొనుటయే వివేకము.

న్యాయపు చిక్కు లొకటి రెండు చెప్పి ముగింతును. వాల్తమ్‌స్టోలో వార్నరు కుటుంబమువారు కట్టించిన యిండ్లలో ఒకే కమాను క్రింద రెండు తలుపులు ప్రక్కప్రక్కన నుండును. ఒకటి క్రిందివాటాకు, రెండవది పైవాటాకు. ఇట్టి వాటాలకు నేలపై పూర్తిహక్కు కాక దీర్ఘకాలపు కౌలుహక్కే యుండుట కద్దు. ఇంకెన్ని యేండ్లు మిగిలినవో యడుగక కొనరాదు, ఎనుబదికి లోబడినచో పొడిగింపు భారమగును. బ్యాంకు పంపు మనిషి ఇంటివెల కట్టునే గాని ఇంటి ఆరోగ్యము చూడడు. పాతయింటికి సర్వేయరుచేత మూడవస్థాయి పరీక్ష ప్రత్యేకముగా చేయించుకొనవలెను. ఇంగ్లండులో మన బయానా పద్ధతి లేదు. అమ్మువాడు మీ బేరమునకు సరే యనిన పిదపను, ఒప్పందపత్రముల మార్పిడి జరుగువఱకు మఱియొకనికి హెచ్చుధర కమ్మవచ్చును. అంతవఱకు మీరును విడిచి పోవచ్చును. మార్పిడినాడు సామాన్యముగా ధరలో పదవవంతు చెల్లింతురు, ఆపైన వెనుకకు పోయినచో ఆ సొమ్ము దక్కదు. కావున పిల్లలు ఇల్లు నచ్చినదని ఫోను చేసినప్పుడు, గృహప్రవేశ ముహూర్తము నడుగుటకు ముందు, సర్వేయరు వచ్చి చూచెనా యని యడుగుడు.