వేసవి జల్లులు, పిడుగులు: వారపు వాతావరణ సూచనను చదువు విధము

చైత్ర వైశాఖములలో సభ్యులగు రైతులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "వచ్చే వారము వాన పడునా?" అని. నెలకొకసారి వెలువడు పత్రికలో దీనికి జవాబు వ్రాయుట సాధ్యము కాదు. భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారములలో జిల్లాల వారీగా రైతులకొరకు వెలువరించు సూచన యైదు దినములకు మాత్రమే. అంతకు మించి ముందుకు పోయినకొలది సూచనలో పస తగ్గును. కావున జోస్యము చెప్పుటకు మారుగా, ఆ సూచన చేతికి వచ్చినపుడు దానిని చదువుట యెట్లో యిచ్చట వ్రాయుచున్నాము. కృష్ణా డెల్టాలో దాళ్వా వరి కోతకు వచ్చుటయు, గుంటూరు ప్రాంతమున మిరపకాయ కల్లములలో నెండుచుండుటయు, మామిడికాయ ముదురుచుండుటయు నీ దినములలోనే గదా. నెలల తరబడి పడిన కష్టమంతయు ఆరుబయట నుండు కాలమిది.

ఈ వానలు నైరృతి ఋతుపవనముల వానలవంటివి కావు. బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలియు, వాయవ్యమునుండి వచ్చు పొడి వేడిగాలియు భూమిపై నొకచోట కలిసికొనును. ఆ కలయిక రేఖ తరచుగా విదర్భ మొదలు తెలంగాణ, రాయలసీమల మీదుగా దక్షిణమునకు సాగుచుండును. ఈ కాలపు సూచనలలో "ద్రోణి" యని వ్రాయునది పెక్కుసారు లిదియే. మధ్యాహ్నమునకు నేల కాగి గాలి పైకి లేవగా, ఆ రేఖ ప్రక్కన మేఘము గోపురమువలె పెరుగును. నీరు గడ్డకట్టు ఎత్తు ఈ దినములలో మనకు సుమారు 5 కిలోమీటర్లు. మేఘము దానిని దాటిపోయి, లోపలి యెగదోపు గాలి మంచుగడ్డలను క్రింద పడనీయక మోయుచుండిన, అవి పెరిగి వడగండ్లగును. చల్లబడిన గాలి యొక్కసారిగా క్రిందికి విరుచుకొని పడుటయే ఈదురుగాలి. వానకంటె ముందు వచ్చి మామిడికాయను రాల్చునది, అరటిని విరుచునది అదియే. ఉదయము ఆకాశము నిర్మలముగా నున్నదని కల్లమున కాయను పరచి ఊరికి పోవువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఈ మేఘము పుట్టుట సాధారణముగా మధ్యాహ్నము దాటిన తరువాతనే.

ఇక సూచనలోని మాటలు. "ఒకటి రెండు చోట్ల" అనగా ఆ ప్రాంతమునందలి వర్షమాన కేంద్రములలో నాలుగవ వంతుకు మించకుండ వాన పడునని యర్థము. "కొన్ని చోట్ల" అనిన సగము వరకు, "అనేక చోట్ల" అనిన మూడువంతుల వరకు. కనుక "ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు" అని చదివి, తన పొలమున చినుకు పడలేదని శాఖవారిని నిందించుట న్యాయము కాదు. ప్రక్క యూర పడిన వాన ఆ సూచనను నిజము చేసియే యుండును. అట్లే "తేలికపాటి వాన" యనిన దినమునకు 15.5 మిల్లీమీటర్ల వరకు, "మోస్తరు" అనిన 64.4 వరకు, ఆపైన "భారీ". తేలికపాటి యను మాట చూచి తేలికగా తీసికొనరాదు. పది మిల్లీమీటర్ల వాన చేలకు లెక్కలోనిది కాకపోవచ్చును గాని కల్లములోని మిరపకాయకు చాలును. తడిసిన కాయ రంగు చెడి బూజు పట్టును. ఆ బూజునుండి పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము సరకును విలువలేనిదిగా చేయును.

నాలుగింట నొకవంతు మాత్రమే యైనపుడు ప్రతిసారి బరకాలు కప్పుట వృథాశ్రమ గాదా యని కొందరు వాదింతురు. మేమట్లు తలపము. మూడు సాయంకాలముల శ్రమ వృథాయైనను నష్టము కూలిడబ్బులే. నాలుగవ సాయంకాలము కప్పకపోయిన పోవునది పంట. ఒక్కొక్కరు బరకాలు కొనలేని చోట సంఘమే కొని సభ్యులకు స్వల్పమైన అద్దెకిచ్చుట మేలు.

కార్తెలను బట్టి నడచు పెద్దల లెక్క తప్పని మేమనము. అశ్వని, భరణి, కృత్తిక యనునవి కాలము నెరిగించును. ఏ సాయంకాలము బరకా కప్పవలయునో మాత్రము చెప్పజాలవు. అందుకు మచిలీపట్టణము, విశాఖపట్టణము, హైదరాబాదులలోని రాడారులు మేఘములను కనిపెట్టుచుండగా, మూడు గంటల ముందు వెలువడు హెచ్చరికలే శరణ్యము. పసుపు రంగు హెచ్చరిక గమనించుచుండుమని, నారింజ రంగు సిద్ధపడుమని, ఎరుపు వెంటనే పని చేయుమని తెలుపును.

వాన సూచన యుండగా వరి కోయక ఆగుట మంచిది. కోసిన పనలు తడిసిన, మొలక రాకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లవలెను. కొనుగోలు కేంద్రములలో ధాన్యమునకు తేమ 17 శాతము మించరాదను నియమమును మరువరాదు.

పంటకంటె ప్రాణము ముఖ్యము. పిడుగుపాటున చనిపోవువారిలో పొలములందు పనిచేయువారే హెచ్చు. చెట్టు క్రింద నిలుచుట అన్నిటికంటె ప్రమాదకరము. మెరుపు తరువాత ఉరుము వినబడుటకు మూడు సెకనులు పట్టిన పిడుగు సుమారొక కిలోమీటరు దూరమున నున్నట్లు. ముప్పది సెకనులలోపల ఉరుము వినబడిన పని విడిచి పక్కా యింటిలోనికి పోవలెను. కడపటి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రారాదు. "దామిని" యను ఫోను సాధనము దగ్గరలోని పిడుగులను తెలుపును. కూలీలను పనికి పిలిచిన రైతు దానిని తన ఫోనులో నుంచుకొనుట ధర్మము.

వడగాడ్పును గూర్చి ఒక్క మాట. మైదానములలో 40 డిగ్రీలు, సముద్రతీరమున 37 డిగ్రీలు చేరి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చినపుడు ఆ పేరు పెట్టుదురు. 2015 మే నెలలో దేశమున రెండు వేలకు పైగా మరణించిరి. వారిలో హెచ్చుమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. అట్టి దినములలో కోతపని తెల్లవారుజామున మొదలిడి పదకొండు గంటలకు ముగింపవలెను.

ఫసల్ బీమా అమలులో నున్న చోట్ల, కోసి ఆరబెట్టిన పంట వడగండ్లచేగాని అకాలవర్షముచేగాని చెడిన, కోసిన నాటినుండి 14 దినముల వరకు పరిహారమున కవకాశము కలదు. అయితే నష్టము జరిగిన 72 గంటలలోపల తెలియజేయవలెను. తడిసిన పనలను తిరగవేయక ముందే ఛాయాచిత్రము తీసి, సర్వే నెంబరుతో సంఘ కార్యదర్శి కందజేయుడు.