చల్లని గదిలో దగ్గు ఎందుకు?

ఒకప్పుడు ఏ.సి. అంటే సినిమాహాలులోనో, పెద్ద ఆఫీసరుగారి గదిలోనో ఉండే వస్తువు. ఇళ్లలో వేసవి వస్తే కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకునేవారు. ఇప్పుడు వాయిదాల మీదైనా సరే చాలా ఇళ్లకు ఏ.సి. వచ్చేసింది. మంచిదే. రెంటచింతల, రామగుండం ఎండల్లో ముసలివాళ్లకూ, గుండెజబ్బు ఉన్నవాళ్లకూ చల్లని గది విలాసం కాదు, ప్రాణరక్షణ. అయితే వస్తువు వచ్చినంత తేలికగా దాని ఆలనాపాలనా మనకు రాలేదు. అందుకే వేసవిలో మా ఓ.పి.లో ఈ మాట తరచు వినిపిస్తుంది: “డాక్టరుగారూ, ఏ.సి. వేస్తే చాలు, పిల్లవాడు రాత్రంతా దగ్గుతున్నాడు. వాడి ఒంటికి ఏ.సి. పడదంటారా?”

చాలాసార్లు పడనిది ఏ.సి. కాదు, దానిలో పేరుకున్న దుమ్మూ, బూజూ. చల్లదనం జలుబును తీసుకురాదు. జలుబును తెచ్చేవి వైరస్‌లు. ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. చల్లని పొడిగాలి సూటిగా ముఖానికి కొడితే వాళ్ల శ్వాసనాళాలు ముడుచుకుని ఆయాసం వస్తుంది. అలాంటివారి మంచం గాలికి ఎదురుగా వేయకండి.

ముందు ఆ గోడమీది పెట్టె ఏం చేస్తుందో తెలుసుకోండి. అది గదిలోని గాలినే పీల్చి, జాలీ ఫిల్టరు గుండా లాగి, చల్లని తీగచుట్టల మీదుగా పోనిచ్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. గాలిలోని తేమ ఆ చుట్టల మీద నీరై, కింది పళ్లెంలో పడి, గొట్టం ద్వారా బయటకు పోతుంది. చీకటి, తడి, దుమ్ము మూడూ ఒకచోట చేరితే బూజుకు అంతకంటే మంచి కాపురం ఏముంటుంది?

గాలి తగ్గిందా?

మొదట అనుమానించవలసింది ఫిల్టరునే. వాడకం ఉన్న రోజుల్లో 15 రోజులకొకసారి, స్విచ్చి కట్టేసి, మూత ఎత్తి, ఫిల్టరు తీసి మంచినీళ్లతో కడగండి. నీడలో పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టండి. తడి ఫిల్టరు పెట్టడమంటే బూజుకు విత్తనాలు చల్లడమే. ఉబ్బసం ఉన్న మనిషి ఈ పని చేయకూడదు. మరొకరు ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి.

ఫిల్టరు మూసుకుపోతే చుట్టల మీద మంచు గడ్డకడుతుంది. దాన్ని చాకుతోనో, స్క్రూడ్రైవరుతోనో గీకకండి. ఏ.సి. ఆపి కరగనివ్వండి. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా మళ్లీ గడ్డకడితే మెకానిక్కును పిలవండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఏ.సి.లో గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు మూయకుండా ఏటా గ్యాసు నింపించుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

నీళ్లు కారుతున్నాయా?

గోడవెంట నీళ్లు కారుతుంటే చాలావరకు కారణం పళ్లెంలోనో, గొట్టంలోనో జిడ్డూ మట్టీ అడ్డుపడటమే. శుభ్రం చేయించండి. గోడకు చెమ్మ పట్టి నల్లమచ్చలు వచ్చాయంటే అది బూజే. దాన్ని తుడిచి, గోడ ఆరేదాకా ఉబ్బసం ఉన్న పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టకండి.

గొట్టం కింద పెట్టే బకెట్టును కూడా మరచిపోకండి. డెంగీని మోసే ఏడిస్ దోమకు అలాంటి నిలవనీరంటే మహా ఇష్టం.

వాసన వస్తోందా?

అగరొత్తులూ, సెంటు స్ప్రేలూ వాసనను కప్పుతాయే గాని బూజును తీయలేవు. పైగా ఉబ్బసం ఉన్నవారికి అవి మరింత హాని. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఏ.సి. ఆపే ముందు పావుగంట సేపు ఉత్త ఫ్యాను మీద నడపండి. లోపలి తడి ఆరుతుంది. ఏటా వేసవి మొదలుకాకముందే పెట్టె విప్పించి చుట్టలు కడిగించండి.

కూలరు వాడేవారికి

కూలరు పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం, కాకినాడ వంటి ఉక్కపోత ఊళ్లలో దాని సత్తా తక్కువ. కూలరు పెట్టి కిటికీలు మూస్తే గదిలో తేమ పెరిగి ఇంకా ఉక్కపోస్తుంది. అందుకని ఒక కిటికీ తెరిచి ఉంచండి. వారానికొకసారి తొట్టిలోని నీళ్లన్నీ పారబోసి, గోడలను బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టండి. ఏడిస్ గుడ్లు తొట్టిగోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఉత్తినే నీళ్లు మారిస్తే అవి పోవు. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకడం మాత్రం మరవకండి. ఎర్తు లేని కూలరును తడిచేత్తో ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

తలుపులు బిగించినవారికి

ఇళ్లలోని ఏ.సి. బయటినుంచి కొత్తగాలిని తీసుకురాదు. కాబట్టి ఇంట్లో ఒకరికి ఫ్లూ ఉన్నా, క్షయ ఉన్నా, అందరూ ఆ గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తారు. ఉదయం, సాయంత్రం కిటికీలు బార్లా తెరవండి. క్షయ రోగిని మూసిన ఏ.సి. గదిలో నలుగురితో కలిపి పడుకోబెట్టకండి.

1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలుకు వచ్చినవారికి వింత న్యుమోనియా సోకి 34 మంది మరణించారు. దానికి కారణమైన లీజియొనెల్లా అనే సూక్ష్మజీవిని మరుసటి ఏడు గుర్తించారు. అది పెద్ద భవనాలకు వాడే కూలింగ్ టవర్ల నీళ్లలో పెరుగుతుంది. మీ గోడమీది పెట్టెకు అలాంటి టవరు ఉండదు గనుక ఆ భయం పెట్టుకోకండి. నిలవనీటిని నమ్మవద్దన్న పాఠం మాత్రం నేర్చుకోండి.

ఏ.సి.ని 24 డిగ్రీల దగ్గర ఉంచి, పైన ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే ఒంటికీ హాయి, కరెంటు బిల్లుకూ హాయి. ఇన్ని చేసినా దగ్గు రెండువారాలు దాటితే ఏ.సి. మీద నెపం వేసి ఊరుకోకండి. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం, చేయించుకోండి. పిల్లవాడి గుండెలో పిల్లికూతలు వినిపించినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా తెల్లవారేదాకా ఆగకండి. మెకానిక్కు రేపు రావచ్చు. డాక్టరు దగ్గరికి మాత్రం ఆ రాత్రే వెళ్లాలి.