పచ్చదీపము చెప్పే క్షేమ సమాచారము

ఉత్తరము "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టడం మన పెద్దల ఆచారము. పైన ఆ మాట ఉండగానే, నాలుగు పంక్తుల కింద "అమ్మకు పది రోజులనుండి జ్వరము" అని ఉండేది. పై మాటకే తృప్తిపడి ఉత్తరము మడిచి పెట్టేవారి సంగతి ఏమి చెప్పాలి? మా కచేరీలో అచ్చముగా అదే జరిగినది.

కచేరీ పేరెందుకు గాని, ఉన్నది చెన్నపట్నంలోనే. మా గోడకు ఒక తెర ఉన్నది. అందులో యంత్రమునకొక దీపము. పచ్చనైతే క్షేమము, ఎర్రనైతే ప్రమాదము. ఒక నవంబరు మాసములో పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రములకై బారులు తీరి ఉండగా, వేలిముద్రలు తీసుకొనే పని ఆగిపోయినది. పెరంబూరునుండి బస్సెక్కి వచ్చిన ఒక మామ్మగారిని, "యంత్రము పనిచేయడం లేదు, రేపు రండమ్మా" అని మేమే పంపవలసి వచ్చినది. ఆవిడ తెరవైపు చూచి, "అన్నీ పచ్చగానే వెలుగుతున్నవి గదా నాయనా!" అన్నారు. మాకు జవాబు తోచలేదు.

సాయంత్రము కారణము విచారించినాము. ఆ దీపము యంత్రమును అడిగే ప్రశ్న ఒక్కటే: "ఉన్నావా?" "ఉన్నాను" అంటే చాలు, పచ్చ. దీనిని పింగ్ అంటారు. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికను వ్రాసిన చిన్న ప్రోగ్రాము అది. తలుపు కొడితే లోపలినుండి పలికినట్లే. పలికినవారు లేచి పనిచేయగలరో లేదో దానికి తెలియదు.

చిత్రమేమిటంటే, మా నెట్‌వర్కు చూచే అబ్బాయి ఈ లోపము ముందే ఊహించినాడు. వేలిముద్రలు పైవారికి చేరుతున్నవా అని ఐదు నిమిషములకొకసారి చూచే సొంత పరీక్ష ఒకటి వ్రాసి పెట్టినాడు. ఆనాడు ఉదయమే అది "చెడినది" అని చెప్పినది కూడాను. చెప్పినది మాత్రము లోపల వేరొక పుటలో! దీపమునకు ఆ సంగతి చేరలేదు.

ఈ చిక్కు మా ఒక్కరిది కాదు. 1999లో ఏథన్ గాల్‌స్టాడ్ వెలువరించి, తరువాత నాగియోస్ అని పేరుపొందిన పనిముట్టులో యంత్రమునకు ఒక స్థితి, అది చేసే ఒక్కొక్క సేవకు వేరొక స్థితి. సొంత పరీక్ష 0 అంటే బాగు, 1 హెచ్చరిక, 2 ప్రమాదము, 3 తెలియదు. సేవ 2 అని మొత్తుకొంటున్నా, యంత్రము మాత్రము లేచియే ఉన్నదని చూపవచ్చును. ఈ విద్యలో మన ఊరికీ పేరున్నది. 1996లో ఆడ్వెంట్‌నెట్‌గా పుట్టి 2009లో జోహో అయిన సంస్థవారి ఆప్‌మేనేజర్ ఇటువంటి కాపలా పనికే. మా తెర వారిది కాదు.

దీపమును నమ్మి పెద్ద పెద్దవారే మోసపోయినారు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రములో ఒక దీపము ఆరగానే, కవాటము మూసుకొన్నదని పనివారు అనుకొన్నారు. మూసుకొమ్మనే ఆజ్ఞ వెళ్లినదని మాత్రమే ఆ దీపమునకు తెలుసు. కవాటము తెరుచుకొనే ఉన్నది. నీరు పోయి, అణు ఇంధనము సుమారు సగము కరిగిపోయినది.

మా అబ్బాయి ఆ రాత్రి కూర్చుని సరిచేసినాడు. యంత్రముమీది పరీక్షలలో ఏది మిక్కిలి చెడ్డ కబురు తెస్తే, ఇక దీపమునకు అదే రంగు. పరీక్షనుండి జవాబే రాకపోతే పచ్చ కాదు, బూడిద రంగు. అయితే అన్నిటినీ ఎరుపులో చేర్చవద్దని మేము సలహా చెప్పినాము. ప్రింటరులో కాగితములు తక్కువైనందుకు కూడా ఎర్రదీపము వెలిగితే, వారము తిరిగేసరికి తలెత్తి చూచేవారుండరు. ప్రజల పని ఆగితేనే ఎరుపు, తక్కినవి పసుపు అని నిర్ణయించుకొన్నాము.

మరునాడు మామ్మగారు మళ్లీ వచ్చినారు. కుర్చీలో కూర్చునేముందు తెరవైపు చూచి, "ఈవేళ నిజం పచ్చేనా నాయనా?" అని అడిగినారు. నిజమేనని ధైర్యముగా చెప్పగలిగినాము. పని ఐదు నిమిషములలో అయినది.