అమ్మాయిలు ఆట మానేయడం వెనుక ఒక కారణం

మూడేళ్ల క్రితం ఒక శుక్రవారం, అస్ర్ నమాజు ముగిసిన తర్వాత ఒక తల్లి మా ఇంటికి వచ్చారు. మాతో నేరుగా మాట్లాడటానికి ఆమె మొహమాటపడ్డారు. లోపలి గదిలో మా శ్రీమతితో చాలాసేపు మాట్లాడారు. ఆ తర్వాత మా శ్రీమతి వచ్చి ఒక మస్అలా మా ముందు పెట్టారు. అమ్మాయికి పదిహేడేళ్లు. కాలేజీ ఖోఖో జట్టులో ఆడుతుంది. కూర్చున్న చోటి నుంచి ఒక్క ఉదుటున లేచినప్పుడు, పరుగు మధ్యలో మలుపు తిరిగినప్పుడు ఆమెకు తెలియకుండానే కొద్దిగా మూత్రం జారిపోతోంది. ఆమెను మాజూర్‌గా పరిగణించవచ్చా? వుజూ సంగతి ఏమిటి? ఇదీ ప్రశ్న.

ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాకు ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసిన పని లేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఒక నమాజు వేళ మొత్తంలో, వుజూ చేసుకుని ఫర్జ్ నమాజు చదివేటంత సేపైనా ఆ స్రావం ఆగకపోతేనే ఆ వ్యక్తి మాజూర్ అవుతారు. అప్పుడు ప్రతి నమాజు వేళకు ఒక వుజూ సరిపోతుంది. ఆటలో మాత్రమే జారి, తర్వాత ఆగిపోయేవారికి ఈ వెసులుబాటు వర్తించదు. వారు శుభ్రపరచుకుని, బట్ట మార్చుకుని, కొత్తగా వుజూ చేసుకోవాలి. ఇదే చెప్పి పంపించాము. జవాబు సరైనదే. అయితే ఆ జవాబుతో మా బాధ్యత తీరిందనుకోవడం మా పొరపాటు. పదిహేడేళ్ల పిల్లకు ఈ బాధ ఎందుకు వచ్చిందని మేము అడగలేదు. డాక్టరుకు చూపించారా అని కూడా అడగలేదు.

ఆ అమ్మాయి రెండు నెలల్లో ఆట మానేసింది. అంతకు ముందు ఆమె ఏమేమి చేసిందో తర్వాత తల్లి ద్వారానే తెలిసింది. ప్రాక్టీసు ఉన్న రోజు ఉదయం నుంచి నీళ్లు తాగేది కాదు. ముదురు రంగు సల్వార్లే వేసుకునేది. కాలేజీలో బట్టలు మార్చుకునే చోటు లేక జొహర్ నమాజు రోజూ ఖజా అయ్యేది. పిల్ల అలసిపోయిందని, చదువు మీద మనసు మళ్లిందని ఇంట్లో అనుకున్నారు. పరుగులో వెనుకబడుతోందని ఆట నేర్పే మాస్టారు అందరి ముందు కోప్పడ్డారట. ఆయనకైనా ఎవరు చెబుతారు?

ఈ బాధ అరుదైనదని పాఠకులు అనుకోవద్దు. అనేక కాన్పులు అయినవారికో, వయసు మళ్లినవారికో మాత్రమే వస్తుందని మేము కూడా అనుకునేవాళ్లం. అమెరికాలో 1994లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఒక్క కాన్పు కూడా కాని 144 మంది కాలేజీ క్రీడాకారిణులను అడిగితే వారిలో 28 శాతం మంది ఆటలో మూత్రం జారుతోందని చెప్పారు. జిమ్నాస్టిక్స్, బాస్కెట్‌బాల్ ఆడేవారిలో ఇది సుమారు మూడింట రెండు వంతులు. గోల్ఫ్ ఆడేవారిలో ఒక్కరు కూడా లేరు. స్వీడన్‌లో ట్రాంపొలిన్ మీద ఎగిరే 35 మంది అమ్మాయిలపై జరిగిన పరిశీలన 2002లో వెలువడింది. వారి సగటు వయసు 15 ఏళ్లు. వారిలో 28 మందికి ఈ సమస్య ఉంది. ఎగరడం, దూకడం, ఒక్కసారిగా ఆగడం ఎంత ఎక్కువగా ఉంటే బాధ అంత ఎక్కువని ఈ అంకెలు చెబుతున్నాయి. మన ఖోఖో, కబడ్డీ, లాంగ్ జంప్ కూడా అలాంటి ఆటలే.

కారణం ఇది. కటి ఎముకల అడుగున, ముందు వైపు ఎముక నుంచి వెనుక తోక ఎముక వరకు కొన్ని కండరాలు పరచుకుని ఉంటాయి. చీరతో కట్టిన పసిబిడ్డ ఉయ్యాలను తలచుకుంటే వాటి ఆకారం అర్థమవుతుంది. మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం ఈ ఉయ్యాల మీదే ఆనుకుని ఉంటాయి. వైద్యులు దీనినే పెల్విక్ ఫ్లోర్ అంటారు. దగ్గినా, తుమ్మినా, దూకి నేల మీద కాలు మోపినా కడుపులోని ఒత్తిడి ఒక్కసారిగా కిందికి తోస్తుంది. ఆ తోపు రాకముందే ఈ కండరాలు బిగుసుకుని మూత్రమార్గాన్ని మూసి ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది తలంపు లేకుండానే జరుగుతుంది. కండరం బలహీనపడినా, అలసిపోయినా, క్షణం ఆలస్యంగా స్పందించినా చుక్కలు జారిపోతాయి. క్రీడాకారిణి కాళ్లు, పొట్ట ఎంత గట్టిగా ఉన్నా ఈ ఒక్క కండరానికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి ఉండరు. అందుకే బలమైన పిల్లకు కూడా ఈ బాధ వస్తుంది.

నీళ్లు మానేయడం వల్ల మేలు జరగదు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, ఎండలో ఆడే పిల్లకు వడదెబ్బ ముప్పు కూడా తోడవుతుంది. ఎందుకైనా మంచిదని అరగంటకోసారి మరుగుదొడ్డికి వెళ్లడమూ మంచిది కాదు. కొద్దిపాటి మూత్రానికే తొందరపడటం మూత్రాశయానికి అలవాటవుతుంది. మలబద్ధకంతో రోజూ ముక్కడం, మానని దగ్గు కూడా ఈ కండరాలను సడలిస్తాయి.

ఇక చికిత్స. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ కండరాల వ్యాయామం గురించి రాశారు. ఆయన పేరుతోనే దానిని కెగెల్ వ్యాయామం అంటున్నారు. నార్వేకు చెందిన ఫిజియోథెరపిస్టు కారి బో బృందం 1999లో 107 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలను ప్రచురించింది. వారు క్రీడాకారిణులు కారు, దగ్గినా కదిలినా మూత్రం జారే సాధారణ మహిళలు. ఆరు నెలల పాటు కొందరికి ఈ వ్యాయామం, కొందరికి విద్యుత్ ప్రేరణ, కొందరికి యోని లోపల ఉంచుకునే చిన్న బరువులు ఇచ్చారు. కొందరికి ఏ చికిత్సా ఇవ్వలేదు. అందరికంటే ఎక్కువ మేలు పొందినది వ్యాయామం చేసినవారే. మందు లేదు, కోత లేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు.

చేసే పద్ధతి చెప్పడం తేలిక, సరిగ్గా చేయడం కష్టం. అపానవాయువును ఆపుకునేటప్పుడు బిగించే చోటును, మూత్రాన్ని ఆపుకునే చోటును కలిపి లోపలికి, పైకి లాగినట్లు బిగించాలి. ఆరు నుంచి ఎనిమిది సెకన్లు ఉంచి పూర్తిగా వదలాలి. ఇలా 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు విడతలు. శ్వాస బిగపట్టకూడదు. పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు. చాలామంది లోపలికి లాగవలసింది పోయి కిందికి ముక్కుతారు, దాని వల్ల కీడే జరుగుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయరాదు. ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుందని మనసులో పెట్టుకోవాలి. పడుకుని చేయడం వచ్చిన తర్వాత కూర్చుని, నిలబడి, ఆపైన దూకే ముందు, దగ్గే ముందు బిగించడం నేర్పుతారు. క్రీడాకారిణికి అసలు అవసరమైనది ఈ చివరి మెట్టే.

అందుకే ఫిజియోథెరపిస్టు అవసరం. కొందరు అమ్మాయిలలో ఈ కండరం సడలి ఉండదు, వదలడం తెలియక ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. వారికి పొత్తికడుపులో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం వంటివి ఉంటాయి. వారు ఇంకా బిగించడం సాధన చేస్తే బాధ పెరుగుతుంది. ఎవరిది ఏ రకమో పరీక్షించి చెప్పవలసిందే.

పరీక్ష అనగానే తల్లులు వెనుకాడుతారు. మా శ్రీమతి ఆ తల్లితో కలిసి వెళ్లారు కాబట్టి చెప్పగలుగుతున్నాము. మహిళా ఫిజియోథెరపిస్టు కావాలని ముందే అడగవచ్చు. తలుపు మూసిన గదిలో, తల్లిని పక్కన ఉంచుకుని మాట్లాడవచ్చు. అవివాహిత అమ్మాయికి లోపలి పరీక్ష వద్దంటే వద్దు. పొట్ట మీద నుంచి అల్ట్రాసౌండ్ చేసి కూడా కండరం కదలికను చూడగలరు. ఏ పరీక్షకైనా ముందు వివరించి, అనుమతి అడగాలి. కాదనే హక్కు రోగికి ఉంది. వైద్యం కోసం అవసరమైనంత మేరకు మహిళా వైద్యురాలి ముందు సతర్ తీయడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. ఇది మదరసాలో మొదటి తరగతుల్లోనే చెప్పే విషయం, అయినా ఇళ్లలో ఎందుకో గుర్తుండదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల అంతరంగిక విషయాన్ని దైవప్రవక్త (సఅసం) వారినే అడిగి తెలుసుకున్నారు. మన అమ్మాయిలు తమ తల్లిని అడగడానికే భయపడుతున్నారు.

మూత్రంలో మంట, రక్తం, జ్వరం ఉన్నా, కింద ఏదో జారుతున్నట్లు అనిపించినా, మలం ఆగకపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ముందు స్త్రీవైద్య నిపుణురాలికి చూపించాలి. వ్యాయామం ఆ తర్వాతి మాట.

పిల్ల ఆట మానేసింది కదా, ఇక చికిత్స ఎందుకు అని అమ్మాయి తండ్రి అడిగారు. మాకు ఆ మాట నచ్చలేదు. హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (సఅసం) వారితో పరుగు పందెంలో పాల్గొన్న సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మొదటిసారి ఆమే గెలిచారు. పర్దాకు తగిన దుస్తులతో, తగిన చోట అమ్మాయి పరుగెత్తితే తప్పేమీ లేదని వారికి చెప్పాము. ఆట సంగతి అలా ఉంచినా, ఇప్పుడు బాగుచేసుకోని కండరం రేపు కాన్పు తర్వాత మరింత ఇబ్బంది పెడుతుంది.

కాన్పు అంటే ఇంకొక మాట. మన ఇళ్లలో నలభై రోజులు నిండగానే బాలింత నీళ్ల బిందె ఎత్తుతుంది. నిఫాస్ గడువు ఆరాధనలకు సంబంధించినది, కండరం కోలుకోవడానికి అది కొలత కాదు. పరుగు వంటి దెబ్బ తగిలే వ్యాయామాన్ని కాన్పు తర్వాత కనీసం మూడు నెలల వరకు మొదలుపెట్టవద్దని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో సూచించారు. అప్పుడైనా బలం చూసుకుని మెల్లగా మొదలుపెట్టాలి. హైదరాబాద్‌కు చెందిన సానియా మీర్జా 2018 అక్టోబరులో తల్లి అయ్యారు. 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచారు. మధ్యలో ఏడాదికి పైగా గడిచింది. మన కోడళ్లకు నలభై ఒకటో రోజు కంటే ఎక్కువ ఇవ్వలేమా?

ఆ అమ్మాయి విషయానికి వస్తే, ఫిజియోథెరపిస్టు మొదటి రోజు ఆమెకు ఏ వ్యాయామమూ ఇవ్వలేదు. మూడు రోజులు ఎంత నీరు తాగింది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లింది, ఏ కదలికకు ఎంత జారింది అన్నది కాగితం మీద రాసి తెమ్మన్నారు. నాలుగో నెలలో జారడం చాలా వరకు తగ్గింది, వరుసగా ఎక్కువసేపు ఎగిరినప్పుడు మాత్రం ఇంకా కొద్దిగా ఉండేది. ఖోఖో జట్టులో ఆమె చోటు వేరొకరికి వెళ్లిపోయింది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, తెల్లవారి ఫజర్ తర్వాత తమ్ముడితో కలిసి ఊరి బయట పరుగెత్తుతోంది. చేతిలో నీళ్ల సీసా ఉంటుందని వాళ్లమ్మ చెప్పారు.