కార్డు చెల్లింపులు: పండ్ల రైతులకు సూచనలు

తోట మామిడిని పట్టణవాసులకు నేరుగా అమ్మునపుడు కొందరు క్రెడిట్ కార్డుతో సొమ్ము చెల్లింతురు. అది మొదట మధ్యవర్తి సంస్థకు చేరి, పిదప మీ ఖాతాలో జమ యగును. కావున ఆ సంస్థను విచారించియే ఎన్నుకొనవలెను.

1. అది బ్యాంకు కానిచో, రిజర్వు బ్యాంకు అనుమతి పొందినదా? అట్టి సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో లభించును.

2. నూటికి రుసుము ఎంత? సొమ్ము ఎన్ని రోజులకు జమ యగును? కొన్నవారు పేచీ పెట్టినచో నష్టమెవరిది? ఇవన్నియు ఒప్పందములో వ్రాయించుకొనవలెను.

3. కొన్నవారి కార్డు నంబరు మీవద్ద దాచరాదు. 2022 అక్టోబరు 1 నుండి అమ్మకందారులకు, మధ్యవర్తి సంస్థలకు ఇది నిషేధము. దాచెదమను సంస్థను నమ్మవద్దు.

తోట దాటిన పండు తిరిగి రాదు. సొమ్ము వచ్చు దారిని ముందే సరిచూచుకొనుడు.